జనాభా పెరుగుదల - కారణాలు, పర్యవసానాలు : తెలుగు రాష్ట్రాల అనుభవం
(జూలై 11 ప్రపంచ జనాభా దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ప్రపంచ జనాభా 500 కోట్లకు చేరినట్లు 1987 జూలై 11వ తేదీన ఐక్యరాజ్య సమితి గుర్తించింది. జనాభా సమస్యలపై ప్రజలలో అవగాహన పెంపొందించుటకు ఆ తేదీనే ఏటా ప్రపంచ జనాభా దినోత్సవంగా పాటిస్తున్నారు. 2022 నవంబరు 15 నాటికి ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. 2023లో చైనాను అధిగమించి భారతదేశం ప్రపంచంలో అత్యధిక జనాభా గల దేశంగా నిలిచింది.

జనాభా సమస్య అనగానే అధిక జననాలే మనసులో మెదలడం పరిపాటి. తెలుగు రాష్ట్రాల గణాంకాలను నిశితంగా పరిశీలిస్తే పరిస్థితి ఇందుకు భిన్నంగా కనిపిస్తుంది. ఇక్కడ జననాల రేటు భర్తీ స్థాయి కంటే దిగువకు చేరి రెండు దశాబ్దాలు కావస్తున్నది. అయినప్పటికీ నేలపై, నీటిపై, నగరాలపై ఒత్తిడి తగ్గలేదు. ఈ వైరుధ్యానికి గల కారణాలను, తత్ఫలితంగా సమాజంపైన, పర్యావరణంపైన పడిన ప్రభావాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరవై ఏళ్ళలో రెండున్నర రెట్లకు పైగా

1951 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిధిలోకి వచ్చే ప్రాంతంలో నివసించినవారు సుమారు 3.11 కోట్లు. ఆ సంఖ్య 1961లో 3.60 కోట్లకు, 1971లో 4.35 కోట్లకు, 1981లో 5.35 కోట్లకు, 1991లో 6.65 కోట్లకు, 2001లో 7.62 కోట్లకు, 2011లో 8.46 కోట్లకు చేరింది. చదరపు కిలోమీటరుకు 1951లో సుమారు 113 మంది ఉండగా, 2011 నాటికి 308 మంది అయ్యారు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప ఈ 2011 జనాభాలో సుమారు 4.96 కోట్లు ఆంధ్రప్రదేశ్‌కు, 3.50 కోట్లు తెలంగాణకు చెందినట్లు లెక్కించారు.

పెరుగుదల వేగం మాత్రం అన్ని దశాబ్దాలలోను ఒకే తీరున లేదు. 1981-91 దశాబ్దంలో వృద్ధి 24.20 శాతం. తరువాతి దశాబ్దంలో అది 14.59 శాతానికి పడిపోయింది. దేశంలోని ప్రధాన రాష్ట్రాలలో ఇంతటి తగ్గుదల మరే రాష్ట్రంలోనూ నమోదు కాలేదని 2001 జనాభా లెక్కలు వెల్లడించాయి. 2001-11 మధ్య వృద్ధి సుమారు 11 శాతానికే పరిమితమయింది.

పెరుగుదలకు మూల కారణాలు

జనాభా పెరగడానికి మొదటి కారణం జననాలు హెచ్చడం కాదు, మరణాలు తగ్గడం. పూర్వం కరువులు, కలరా, ప్లేగు, మశూచి, మలేరియా వంటి వ్యాధులు జనసంఖ్యను అదుపులో ఉంచాయి. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టినంత పని చేసింది. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమ ప్రజల జ్ఞాపకాలలో తరతరాలుగా నిలిచిపోయింది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా కారణంగా 1911-21 దశాబ్దంలో దేశ జనాభా స్వల్పంగా తగ్గింది. ఆ తరువాత ఏ దశాబ్దంలోనూ దేశ జనాభా తగ్గలేదు. అందువలన 1921ని జనాభా చరిత్రలో మహా విభాజక సంవత్సరంగా పేర్కొంటారు.

స్వాతంత్ర్యానంతరం 1953లో ప్రారంభమైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, టీకాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల విస్తరణ, ప్రజా పంపిణీ వ్యవస్థ మరణాలను శీఘ్రంగా తగ్గించాయి. 19వ శతాబ్దం మధ్యలో గోదావరి, కృష్ణా నదులపై నిర్మించిన ఆనకట్టలు, స్వాతంత్ర్యానంతరం నిర్మించిన నాగార్జునసాగర్, శ్రీరామసాగర్ వంటి ప్రాజెక్టులు ఆహారోత్పత్తిని పెంచాయి. బ్రతికే బిడ్డల సంఖ్య పెరిగింది. కాని ఎందరు బిడ్డలు కావాలనే విషయంలో కుటుంబాల ఆలోచన అంత త్వరగా మారలేదు. పుట్టినవారిలో కొందరే దక్కుతారన్న భయం, వ్యవసాయ పనులకు చేతులు కావాలన్న అవసరం, వృద్ధాప్యంలో ఆధారం కోసం, వంశం కోసం మగబిడ్డ కలగాలన్న ఆకాంక్ష, బాల్య వివాహాలు, స్త్రీలలో నిరక్షరాస్యత ఇందుకు కారణాలు. మరణాల తగ్గుదలకు, జననాల తగ్గుదలకు నడుమ ఏర్పడిన ఈ అంతరంలోనే జనాభా ఇంతగా పెరిగింది.

మరొక ముఖ్య కారణాన్ని కూడా గమనించవలసి ఉన్నది. దంపతులు ఇద్దరు బిడ్డలతో సరిపెట్టుకున్నంత మాత్రాన జనాభా వెంటనే స్థిరపడదు. పూర్వపు అధిక జననాల ఫలితంగా సంతానవతులయ్యే వయస్సులో ఉన్న యువతుల సంఖ్యే అధికంగా ఉంటుంది. ఒక్కొక్కరికి కలిగే బిడ్డలు తక్కువైనా తల్లుల సంఖ్య ఎక్కువ కావడం వలన మొత్తం జననాలు కొంతకాలం కొనసాగుతాయి. పరుగెత్తే బండికి బ్రేకు వేసినా కొంత దూరం పోయి గాని ఆగదు. దీనినే జనాభా గతిశక్తి అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2001-11 నడుమ పెరిగిన 84 లక్షల జనాభాలో ఈ గతిశక్తి పాత్ర గణనీయమైనది.

జననాలు తగ్గిన తీరు

ప్రభుత్వ పరంగా కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని 1952లోనే చేపట్టిన దేశం మనది. ఎర్ర త్రికోణం గుర్తు, 'ఇద్దరు లేక ముగ్గురు చాలు' అన్న నినాదం పల్లె పల్లెకు చేరాయి. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశవ్యాప్తంగా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో అధిక భాగం పురుషులకు జరిగిన వేసెక్టమీలు. ఆనాటి నిర్బంధాల పట్ల తీవ్ర వ్యతిరేకత వ్యక్తమయింది. 1977లో కార్యక్రమం పేరును కుటుంబ సంక్షేమంగా మార్చారు. ఆ పిమ్మట పురుషుల ఆపరేషన్లు బాగా తగ్గిపోయి, భారం క్రమంగా స్త్రీలపైకి మారింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో ప్రత్యేక జనాభా విధానాన్ని ప్రకటించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం రాష్ట్రంలో ఒక్కొక్క స్త్రీకి సగటున కలిగే బిడ్డల సంఖ్య 1992-93లో 2.59 ఉండగా, 1998-99లో 2.25కు, 2005-06లో 1.79కి తగ్గింది. తల్లిదండ్రుల స్థానాన్ని బిడ్డలు భర్తీ చేయుటకు అవసరమైన రేటు 2.1 కాగా, రాష్ట్రం 2005-06 నాటికే దానికి దిగువకు చేరింది. 2019-21 సర్వేలో ఈ రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, దేశం మొత్తం మీద 2.0గా నమోదయింది.

స్త్రీల విద్య విస్తరించిన తరువాతనే జననాలు తగ్గుతాయని కేరళ అనుభవాన్ని ఉదహరిస్తూ చెబుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటికి స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే. 2001 నాటికి కూడా 50 శాతం మాత్రమే. అక్షరాస్యత ఇంత తక్కువగా ఉన్న రాష్ట్రంలో జననాలు ఇంత వేగంగా తగ్గడం జనాభా శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. శిశు మరణాలు తగ్గడం, బిడ్డల చదువులకు అయ్యే ఖర్చు పెరగడం, భూమి చాలకపోవడం, సబ్సిడీ బియ్యం, డ్వాక్రా సంఘాల ద్వారా స్త్రీలకు లభించిన చైతన్యం, ఆపరేషన్ సదుపాయం మండల స్థాయికి చేరడం ఇందుకు దోహదం చేసినట్లు చెప్పవచ్చు.

స్త్రీలపై పడిన భారం

ఈ విజయానికి స్త్రీలు చెల్లించిన మూల్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించక తప్పదు. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 సంవత్సరాల వయస్సు గల వివాహితలలో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. ఆంధ్రప్రదేశ్‌లో వేసెక్టమీ వాటా 1 శాతానికి కూడా చేరలేదు. వేసెక్టమీ సులభమైన, ప్రమాదం తక్కువైన చికిత్స అని వైద్యులు చెబుతున్నప్పటికీ, ఆపరేషన్ చేయించుకుంటే మగవాడు కష్టం చేయలేడన్న అపోహ నేటికీ తొలగలేదు.

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20-24 సంవత్సరాల స్త్రీలలో 29.3 శాతం మందికి, తెలంగాణలో 23.5 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే వివాహం జరిగినట్లు తేలింది. పదహారు, పదిహేడేళ్ళకు పెళ్ళి, వెంట వెంటనే రెండు కాన్పులు, పాతికేళ్ళు వచ్చేసరికే ఆపరేషన్ అన్నది ఎన్నో పల్లెలలో సాధారణ జీవన క్రమం. కాన్పుల మధ్య ఎడం పాటించుటకు వాడే తాత్కాలిక పద్ధతుల వినియోగం స్వల్పం. రెండు రాష్ట్రాలలోను ఇదే వయోవర్గపు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో బాధపడుతున్నారు. కుటుంబం చిన్నదయింది, కాని తల్లి ఆరోగ్యం అదే మేరకు మెరుగుపడలేదన్నది ఈ అంకెల సారాంశం.

చిన్న కుటుంబం అలవాటయినా కొడుకు కావాలన్న కోరిక పోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 6 సంవత్సరాల లోపు పిల్లలలో ప్రతి 1000 మంది బాలురకు 2001లో 961 మంది బాలికలు ఉండగా, 2011లో 939 మంది మాత్రమే ఉన్నారు. లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చిన తరువాత కూడా ఈ క్షీణత జరగడం ఆందోళన కలిగించే విషయం.

కమతాలపై ప్రభావం

జనాభా పెరుగుదల ప్రభావం వ్యవసాయంపై స్పష్టంగా కనిపిస్తుంది. వ్యవసాయ గణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 1970-71లో సుమారు 54 లక్షల కమతాలు ఉండగా, సగటు కమతం విస్తీర్ణం 2.51 హెక్టార్లు. 2010-11 నాటికి కమతాల సంఖ్య సుమారు 1 కోటి 32 లక్షలకు పెరిగి, సగటు విస్తీర్ణం 1.08 హెక్టార్లకు తగ్గిపోయింది. సాగుభూమి పెద్దగా పెరగలేదు. ఉన్న భూమే అన్నదమ్ముల పంపకాలలో ముక్కలయింది. 2015-16 గణన నాటికి సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు.

రెండున్నర ఎకరాల మెట్ట భూమిపై కుటుంబం బ్రతకడం కష్టం. ఆ కొద్దిపాటి చేలోనే రెండు పంటలు పండించాలన్న తాపత్రయం బోరుబావులకు దారితీసింది. పక్క రైతు లోతుగా వేస్తే తానూ లోతుగా వేయవలసి వచ్చింది. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి వర్షాభావ ప్రాంతాలలో వేసిన బోర్లు ఎండిపోయి అప్పులు మిగిలిన రైతులు ఎందరో. భూగర్భ జలాల పరిరక్షణకు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టాన్ని, అనగా వాల్టా చట్టాన్ని, తీసుకురావలసి రావడమే సమస్య తీవ్రతను చాటుతున్నది.

వలసలు, నగరాలు

జననాలు తగ్గినా ఒత్తిడి తగ్గకపోవడానికి ప్రధాన కారణం జనం ఒకచోటికి చేరుకోవడం. ఉమ్మడి రాష్ట్రంలో పట్టణ జనాభా వాటా 2001లో 27 శాతం కాగా, 2011లో 33 శాతానికి పెరిగింది. ఆ పదేళ్ళలో గ్రామీణ జనాభా 2 శాతం కూడా పెరగలేదు. రంగారెడ్డి జిల్లా జనాభా సుమారు 48 శాతం పెరగగా, పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 3.5 శాతం మాత్రమే పెరిగింది. రెండు జిల్లాలకు ఇంత తేడా కలిగించినది జననాలు కావు, వలసలు. పాలమూరు కూలీలు, ఉత్తరాంధ్ర భవన నిర్మాణ కార్మికులు, సేద్యం గిట్టక పట్నం చేరిన చిన్న రైతులు, చదువులకు, ఉద్యోగాలకు వచ్చిన యువత ఈ సంఖ్యలో ఉన్నారు.

1951లో సుమారు 11 లక్షల జనాభా గల హైదరాబాద్ నగరం, 2011 నాటికి పరిసర ప్రాంతాలతో కలిపి సుమారు 77 లక్షలకు చేరింది. హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా నివసిస్తున్నట్లు ఆ లెక్కలు తెలిపాయి. నగరం విస్తరించిన తీరును దాని తాగునీటి చరిత్రే చెబుతుంది. 1908 మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఒకప్పుడు నగరం దాహార్తిని తీర్చాయి. పిదప మంజీరా, సింగూరు నీరు అవసరమయింది. 2004లో వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి కృష్ణా జలాలను, 2015లో ఎల్లంపల్లి నుండి సుమారు 186 కిలోమీటర్ల దూరం గోదావరి జలాలను తరలించవలసి వచ్చింది. నీరు ఎంత దూరం నుండి వస్తే ఎత్తిపోతలకు అంత విద్యుత్తు, అంత వ్యయం అవసరమవుతాయి.

దూరపు నదుల నీరు తెచ్చుకున్న నగరంలో దగ్గరి చెరువులు కనుమరుగయ్యాయి. మాసాబ్‌ట్యాంక్ పేరులో చెరువు ఉన్నది గాని ఆ ప్రదేశంలో చెరువు లేదు. గొలుసుకట్టు చెరువులు, వాటిని కలిపే నాలాలు ఆక్రమణలకు గురైన ఫలితాన్ని 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను సంభవించిన వరదలలో నగర వాసులు అనుభవించారు. ముంపునకు గురయ్యే లోతట్టు బస్తీలలో అధికంగా ఉండేది పేదలే. శుద్ధి కాని మురుగు మూసీలో కలిసి, దిగువన సాగుచేసే గ్రామాల పొలాలకు చేరుతున్నది.

సంఖ్య ఒక్కటే కారణం కాదు

పర్యావరణ క్షీణతకు జనసంఖ్యను మాత్రమే బాధ్యునిగా చేయడం సమంజసం కాదు. ఎంతమంది ఉన్నారన్నదానితోపాటు ఎవరు ఎంత వినియోగిస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. కొల్లేరు సరస్సు ఇందుకు నిదర్శనం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల ఈ మంచినీటి సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేయడంతో 2006లో వాటిని తొలగించుటకు ప్రభుత్వం ప్రత్యేక కార్యాచరణ చేపట్టవలసి వచ్చింది. స్థానికుల సంఖ్య పెరిగినందువలన కాక, దూరప్రాంతపు మార్కెట్ల గిరాకీ వలననే ఆ చెరువులు వెలిశాయన్నది గమనార్హం.

కార్లు, శీతలీకరణ యంత్రాలు గల ఒక నగర కుటుంబం వాడే విద్యుత్తు, నీరు, పారవేసే వ్యర్థాలు ఒక కూలి కుటుంబం కంటే ఎన్నో రెట్లు అధికం. కావున అడవి అంచున పోడు చేసుకునే గిరిజనుని, పదిమంది గల పేద ఇంటిని వేలెత్తి చూపి తక్కినవారు బాధ్యత తప్పించుకోవడానికి వీలులేదు.

విధానాలలో వచ్చిన మార్పు

జననాలు తగ్గిన తరువాత సమస్య స్వరూపం మారింది. 60 ఏళ్ళు పైబడినవారి వాటా 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం ఉంటుందని జాతీయ జనాభా కమిషన్ సాంకేతిక బృందం అంచనా వేసింది. కేరళ, తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్, పంజాబ్ తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. పిల్లలు నగరాలకు, విదేశాలకు వెళ్ళగా వృద్ధులే మిగిలిన ఇళ్ళు కోస్తా జిల్లాలలోను, ఉత్తర తెలంగాణలోను సాధారణమయ్యాయి.

ఇద్దరికి మించి సంతానం గలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది. ఆ నిబంధనను తొలగిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో సవరణ బిల్లులను ఆమోదించింది. తెలంగాణలో సైతం ఆ నిబంధనను తొలగించాలని మంత్రివర్గం 2025లో నిర్ణయించింది. ముప్పై ఏళ్ళ క్రితం ఎక్కువ బిడ్డలు గలవారిని శిక్షించిన విధానం నేడు దిశ మార్చుకోవడం కాలం తెచ్చిన మార్పు.

జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు అందువలన నష్టపోరాదన్న చర్చ కూడా ఇందులో భాగమే. లోక్‌సభలో రాష్ట్రాల స్థానాల సంఖ్యను 1971 జనాభా ప్రాతిపదికన స్తంభింపజేసిన నిబంధనను, 84వ రాజ్యాంగ సవరణ ద్వారా 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించారు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పన్నుల పంపిణీలో జనాభా నియంత్రణ కృషికి 12.5 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడగా, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా తదుపరి జనగణన నిర్వహించనున్నట్లు కేంద్రం 2025 జూన్‌లో నోటిఫై చేసింది.

తక్షణ కర్తవ్యాలు

బిడ్డలను తగ్గించండి అని ఒక కాలంలో, పెంచండి అని మరొక కాలంలో చెప్పడం వలన ప్రయోజనం పరిమితం. ఎప్పుడు, ఎందరిని కనాలన్నది స్త్రీ తన ఆరోగ్యాన్ని, ఇష్టాన్ని బట్టి నిర్ణయించుకోగల స్థితి కల్పించడం అన్నిటికంటే ముఖ్యం. ఇందుకు ఈ క్రింది చర్యలు అవసరం:

- బాలికలు ఇంటర్మీడియట్ వరకైనా చదువు కొనసాగించునట్లు చూడడం, బాల్య వివాహాలను గ్రామ స్థాయిలోనే నిరోధించడం.
- కాన్పుల మధ్య ఎడం పాటించే పద్ధతులను ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల ద్వారా ప్రతి ఇంటికీ అందుబాటులోకి తేవడం. వేసెక్టమీపై గల అపోహలను తొలగించడం.
- లింగ నిర్ధారణ నిషేధ చట్టాన్ని కఠినంగా అమలు చేయడం.
- వృద్ధులకు పింఛనుతోపాటు ఇంటివద్దనే వైద్య సహాయం అందించడం.
- చెరువులు, నాలాల హద్దులను నిర్ధారించి రక్షించడం. నగరాల మురుగును శుద్ధి చేసి తిరిగి వాడడం.
- జిల్లా కేంద్రాలలో, చిన్న పట్టణాలలో ఉపాధి కల్పించి ఒకే నగరంపై భారం తగ్గించడం.

2001లో తలసరి 1816 ఘనపు మీటర్లుగా ఉన్న దేశపు సగటు వార్షిక నీటి లభ్యత 2011 నాటికి 1545 ఘనపు మీటర్లకు తగ్గింది. 1700 ఘనపు మీటర్లకు తగ్గితే నీటి ఎద్దడిగా పరిగణిస్తారు. పుట్టబోయే బిడ్డల సంఖ్య ఎంత తగ్గినా, ఇప్పటికే పుట్టి పెరిగిన కోట్లాది మందికి నీరు, నీడ, పని కల్పించవలసే ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలో జనాభా సమస్య ఇకపై ప్రసూతి వార్డులో కంటె చెరువు గట్టున, పొలం గట్టున, నగరపు బస్తీలో పరిష్కారం కావలసి ఉన్నది. రెండు తరాల తల్లులు తమ వంతు బాధ్యత నెరవేర్చారు. మిగిలిన బాధ్యత ప్రభుత్వాలది, స్థానిక సంస్థలది, పౌరులందరిది.